డాక్టరమ్మ అన్నా కుగ్లర్

తాను నమ్మిన ధర్మాన్ని ఇతరులకు తెలియజేయడానికి మానవునికి రెండు మార్గాలున్నాయి. ఒకటి మాట, రెండవది నడత. మాట చెవిని చేరి ఆగిపోవచ్చు. నడత కంటికి కనిపిస్తుంది, అనుభవానికి అందుతుంది, చిరకాలం గుర్తుంటుంది. క్రైస్తవ ధర్మంలోని ప్రేమను ప్రసంగాలకన్నా మిన్నగా నిత్యజీవితంలోని చిన్నచిన్న సేవాకార్యాల ద్వారా వెల్లడించిన మహనీయులు తెలుగునేలపై కొందరున్నారు. వారిలో డాక్టర్ అన్నా కుగ్లర్ ఒకరు. ఎక్కడో అమెరికాలో పుట్టి, గుంటూరును తన ఊరుగా చేసుకొని, 47 సంవత్సరాలు ఇక్కడి స్త్రీలకూ శిశువులకూ వైద్యం చేసి, చివరకు ఈ మట్టిలోనే విశ్రమించిన ధన్యజీవి ఆమె.

అన్నా కుగ్లర్ 1856వ సంవత్సరం ఏప్రిల్ 19వ తేదీన అమెరికా దేశంలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఫిలడెల్ఫియా నగరానికి సమీపంలో ఉన్న ఆర్డ్‌మోర్‌లో జన్మించారు. ఆ రోజుల్లో స్త్రీలు వైద్యవిద్య అభ్యసించడం అమెరికాలో కూడా విడ్డూరంగానే ఉండేది. పేరుపొందిన వైద్య కళాశాలలు వారికి ప్రవేశం కల్పించేవి కావు. ఆ లోటును తీర్చడానికి ఫిలడెల్ఫియాలో 1850లో స్త్రీల కోసమే ఒక వైద్య కళాశాలను స్థాపించారు. భారతదేశానికీ ఆ కళాశాలకూ దగ్గరి సంబంధం ఉంది. వైద్య మిషనరీగా 1870లో బరేలీ నగరానికి వచ్చిన క్లారా స్వెయిన్ అక్కడే చదివారు. 1886లో పట్టం పుచ్చుకొని, పాశ్చాత్య వైద్యంలో పట్టభద్రురాలైన తొలి భారతీయ మహిళలలో ఒకరుగా పేరొందిన ఆనందీబాయి జోషి చదివినది కూడా అక్కడే. అన్నా కుగ్లర్ 1879లో ఆ కళాశాల నుండి వైద్య పట్టం పొందారు.

పట్టం చేతికి వచ్చిన పిమ్మట ఆమె నారిస్‌టౌన్ పట్టణంలోని మానసిక రోగుల ఆసుపత్రిలో స్త్రీల విభాగంలో సహాయ వైద్యురాలిగా పనిచేశారు. ఆదరించేవారు లేని రోగుల నడుమ గడిపిన ఆ కాలం ఆమెకు ఓర్పును నేర్పింది. ఉద్యోగం స్థిరమైనది, గౌరవప్రదమైనది. స్వదేశంలో సుఖంగా జీవించడానికి కావలసినవన్నీ ఆమెకు సమకూరాయి. అటువంటి సమయంలో, 1882లో, ఆమెకు ఒక ఉత్తరం వచ్చింది. వ్రాసినవారు గుంటూరులోని లూథరన్ మిషన్‌లో పనిచేస్తున్న ఆడమ్ రో అనే మతాచార్యుడు. తెలుగుదేశంలోని స్త్రీలు సరైన వైద్యం లేక పడుతున్న బాధలను వివరించి, ఒక స్త్రీ వైద్యురాలు వచ్చి వారిని ఆదుకోవలసిన అవసరాన్ని ఆయన ఆ లేఖలో విన్నవించారు. ఆ ఉత్తరం కుగ్లర్ జీవితపు దిశను మార్చివేసింది.

ఆనాటి పరిస్థితులను తెలుసుకుంటే ఆ పిలుపు ఎంత అవసరమైనదో బోధపడుతుంది. సంపన్న కుటుంబాలలోని ముస్లిం స్త్రీలు, కొన్ని హిందూ కుటుంబాల స్త్రీలు ఘోషా పాటించేవారు. పరపురుషుని కంటపడటమే తప్పుగా భావించే కాలంలో మగవైద్యుడు నాడి పట్టి చూడటం ఊహకు కూడా అందని సంగతి. విజయనగరం, విశాఖపట్నం పట్టణాలలోని స్త్రీల ఆసుపత్రులకు ఘోషా ఆసుపత్రి అనే పేరు రావడంలో ఆ ఆచారపు జాడ మనకు కనబడుతుంది. పురుడు పోయడం మంత్రసానుల చేతిలో ఉండేది. వారికి అనుభవం ఉన్నా, సూక్ష్మక్రిముల వలన వ్యాధులు వ్యాపిస్తాయన్న సంగతి తెలియదు. శుభ్రం చేయని పనిముట్టుతో బొడ్డు కోసినప్పుడు పసికందులు ధనుర్వాతం పాలయ్యేవారు. శుభ్రంగాలేని చేతుల వలన బాలింతలు సూతికాజ్వరానికి గురై ప్రాణాలు కోల్పోయేవారు. మద్రాసు వైద్య కళాశాల 1875లో స్త్రీలకు ప్రవేశం కల్పించినా, అక్కడ చదువుకున్న వైద్యురాండ్రు ఇంకా వ్రేళ్ళమీద లెక్కింపదగినవారే. గుంటూరు వంటి పట్టణాలకు ఆ సేవ అందేది కాదు.

కుగ్లర్ తమ సంఘానికి చెందిన మహిళా మిషనరీ సమాజానికి దరఖాస్తు చేసుకున్నారు. తనను వైద్యురాలిగా గుంటూరుకు పంపవలసిందని అభ్యర్థించారు. ఇక్కడే ఆమెకు తొలి పరీక్ష ఎదురైంది. వైద్యసేవను చేపట్టడానికి తాము ఇంకా సిద్ధంగా లేమని, ఉపాధ్యాయినిగా, ఇళ్ళలోని స్త్రీలకు బోధించే మిషనరీగా మాత్రమే పంపగలమని ఆ సమాజంవారు తెలియజేశారు. సంవత్సరాల తరబడి శ్రమించి నేర్చుకున్న విద్యను ప్రక్కనపెట్టి వెళ్ళడానికి ఎవరైనా వెనుకాడతారు. ఆమె వెనుకాడలేదు. అవసరం ఉన్నచోటికి ముందు చేరుకోవాలి, చేరుకున్న తరువాత మార్గం అదే ఏర్పడుతుందని ఆమె విశ్వసించారు. 1883 ఆగష్టులో ఓడ ఎక్కి, అదే సంవత్సరం నవంబరు 29వ తేదీన గుంటూరులో అడుగుపెట్టారు. అప్పటికి ఆమె వయస్సు ఇరవై ఏడు సంవత్సరాలు.

గుంటూరులో లూథరన్ మిషన్ పనిని 1842లో ప్రారంభించినవారు రెవరెండ్ హయ్యర్. నాలుగు దశాబ్దాలలో అక్కడ పాఠశాలలు వెలసినా స్త్రీలకు వైద్యాలయం మాత్రం ఏర్పడలేదు. కుగ్లర్ ముందుగా తెలుగు నేర్చుకోవడానికి పూనుకున్నారు. బాలికల పాఠశాలల పర్యవేక్షణ, ఇళ్ళకు వెళ్ళి స్త్రీలకు చదువు చెప్పడం ఆమెకు అప్పగించిన బాధ్యతలు. వాటిని శ్రద్ధగా నిర్వహించారు. అయితే వచ్చిన ఆమె వైద్యం తెలిసినవారన్న వార్త దాగలేదు. జ్వరంతో మూలుగుతున్న బిడ్డను చంకనెత్తుకొని ఒక తల్లి గుమ్మంలోకి వస్తే, తనను ఉపాధ్యాయినిగా మాత్రమే పంపారని చెప్పి తిప్పిపంపడం సాధ్యమా? పాఠాలు ముగిసిన తరువాత ఆమె రోగులను చూడసాగారు. కొందరు ఆమె నివాసానికి వచ్చేవారు, కొందరి ఇళ్ళకు ఆమే వెళ్ళేవారు. అధికారికంగా వైద్యురాలు కాకపోయినా తొలి సంవత్సర కాలంలోనే నాలుగువందలకు పైగా రోగులకు ఆమె చికిత్స చేశారు.

రోగులు వచ్చినంత మాత్రాన ఆదరణ లభించినట్లు కాదు. విదేశీయురాలు, అన్యమతస్థురాలు కావడం చేత ఆచారపరాయణుల ఇళ్ళలో ఆమెను అంటరానిదానిగా చూసేవారు. వైద్యం కావాలి, కాని వైద్యురాలి స్పర్శ మైల. ఆమె తాకిన పక్కబట్టలను తడిపి ఆరవేసేవారు. ఆమె వెళ్ళిపోయిన తరువాత ఇంటిని శుద్ధిచేసుకొనేవారు. ప్రాణం కాపాడిన చేతినే అపవిత్రంగా భావిస్తే ఎంతటివారికైనా మనస్సు నొచ్చుకుంటుంది. ఆమె కోపించి మళ్ళీ ఆ గడప తొక్కనని శపథం పట్టి ఉంటే ఆమెను తప్పుపట్టేవారు లేరు. కాని మరునాడు మందు ఇవ్వవలసిన వేళకు ఆమె ఆ ఇంటికే వెళ్ళారు. ఆచారాన్ని గురించి వాదించలేదు. రోగి కోలుకొనే వరకు వెళుతూనే ఉన్నారు. ఒక ఇంటిలో బాలింత కోలుకుంటే ఆ వార్త పెరటిగోడ దాటి పొరుగింటికి చేరేది. ఆ పొరుగింటివారు తమకు అవసరం వచ్చినపుడు ఆమెను పిలిపించేవారు. ఈ విధంగా నమ్మకం ఒక గడప నుండి మరొక గడపకు నెమ్మదిగా నడిచింది. కుగ్లర్ జీవితంలోని మహత్తు అంతా ఈ నెమ్మదితనంలోనే ఉన్నది.

ఆమె చేస్తున్న పనిని చూసిన తరువాత అమెరికాలోని సమాజం తన నిర్ణయాన్ని మార్చుకోక తప్పలేదు. 1885 డిసెంబరులో ఆమెను అధికారికంగా వైద్య మిషనరీగా నియమించింది. భారతీయ స్త్రీలకు వైద్యసహాయం అందించడానికి లేడీ డఫరిన్ పేరిట నిధి ఏర్పడినది కూడా 1885లోనే. స్త్రీల ఆరోగ్యాన్ని గురించిన ఆలోచన దేశమంతటా మేల్కొంటున్న కాలమది. 1886లో కుగ్లర్ గుంటూరులో ఒక చిన్న ఔషధశాలను తెరిచారు. అక్కడికి వచ్చేవారి సంఖ్య నానాటికీ పెరిగింది. అయితే కేవలం మందులిచ్చి పంపితే చాలదని, శస్త్రచికిత్స అవసరమైనవారిని, కష్టమైన పురుళ్ళను ఉంచి చూసుకోవడానికి ఆసుపత్రి కావాలని ఆమె గ్రహించారు.

1889లో స్వదేశానికి వెళ్ళినపుడు ఆమె విశ్రాంతిని గూర్చి ఆలోచించలేదు. గుంటూరు స్త్రీల అవసరాలను అక్కడి సంఘాలకు వివరించి ఆసుపత్రి నిర్మాణానికి సహాయం కోరారు. తిరిగివచ్చిన పిమ్మట సుమారు 18 ఎకరాల స్థలంలో ఆ నిర్మాణం ఆరంభమైంది. 1898లో 50 పడకల ఆసుపత్రి ప్రారంభమైంది. తిరస్కృతమైన దరఖాస్తు నుండి ఆసుపత్రి ద్వారం తెరుచుకొనే వరకు పదిహేను సంవత్సరాలు గడిచాయి. ఒక పట్టుదలకు కాలం ఎంత మూల్యం కోరుతుందో ఈ లెక్క తెలుపుతుంది.

ఆసుపత్రి ఒక్కరితో నడిచేది కాదన్న సంగతి కుగ్లర్‌కు బాగా తెలుసు. నర్సు కేథరిన్ ఫాస్, డాక్టర్ మేరీ బేర్ అమెరికా నుండి వచ్చి ఆమెకు తోడుగా నిలిచారు. డాక్టర్ బేర్ ఆ తరువాత చీరాలలో వైద్యసేవ సాగించారు. విదేశాల నుండి ఎందరు వచ్చినా తెలుగు స్త్రీలే తమ తోటి స్త్రీలకు సేవచేసే రోజు రావాలని కుగ్లర్ ఆకాంక్షించారు. అందుకే ఆసుపత్రిలో నర్సుల శిక్షణకు ప్రాముఖ్యం ఇచ్చారు. రోగి ఒంటిని తుడవడం, పుండుకు కట్టుకట్టడం వంటి పనులను సమాజం హీనంగా చూసే రోజులవి. అటువంటి పనులను చదువుకున్న స్త్రీ గౌరవప్రదమైన వృత్తిగా స్వీకరించవచ్చునన్న భావం మన ప్రాంతంలో వేళ్ళూనుకోవడానికి ఇటువంటి ఆసుపత్రులు ఎంతగానో తోడ్పడ్డాయి. కాలక్రమంలో ప్రసూతి విభాగం, పిల్లల విభాగం వంటివి చేరి ఆసుపత్రి విస్తరించింది.

ఇక్కడ ఒక ప్రశ్న తలెత్తుతుంది. మిషనరీల వైద్యసేవ నిజంగా సేవేనా, లేక మతప్రచారానికి సాధనమా? ఈ ప్రశ్న కొత్తది కాదు. వైద్యం, విద్య వంటి సేవలను మతమార్పిడికి ఉపయోగించడాన్ని మహాత్మాగాంధీ 1931లో గట్టిగా విమర్శించారు. కుగ్లర్ తన విశ్వాసాన్ని ఏనాడూ దాచుకోలేదు. క్రీస్తు ప్రేమే తనను ఇంతదూరం నడిపించిందని ఆమె నమ్మిక. ఆమెను పంపిన సమాజం ఆశయాలలో మతప్రచారం ఒక భాగమన్నదీ నిజమే. అయితే ఆమె వైద్యం అందుకున్నవారిలో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అందరూ ఉన్నారు. తన చేతి స్పర్శను మైలగా భావించినవారికి కూడా ఆమె చికిత్స నిరాకరించలేదు. ప్రతిఫలం కోరి చేసే సేవ ప్రతిఫలం దక్కనప్పుడు ఆగిపోతుంది. అవమానం ఎదురైన ఇంటికి మరునాడు మళ్ళీ వెళ్ళిన సేవను ఆ కొలబద్దతో కొలవడం కష్టం. విశ్వాసం ఆమె సేవకు మూలం. ఆ సేవను స్వీకరించడానికి ఆ విశ్వాసాన్ని స్వీకరించవలసిన అవసరం ఎవరికీ కలుగలేదు.

ఇందుకు ఏలూరు జమీందారు మంత్రిప్రగడ భుజంగరావు ఉదంతమే నిదర్శనం. ఆయన హిందూ ధర్మాన్ని అనుసరించినవారు, సాహిత్యాభిరుచి గల విద్వాంసులు. ఆయన భార్య ప్రసవ సమయంలో కుగ్లర్ వైద్యం చేసి తల్లినీ బిడ్డనూ కాపాడారు. కృతజ్ఞతతో భుజంగరావు, దూరప్రాంతాల నుండి వచ్చే రోగుల బంధువులు బస చేయడానికి వీలుగా ఆసుపత్రికి ఎదురుగా ఒక సత్రాన్ని కట్టించారు. రోగి వెంట కుటుంబమంతా తరలివచ్చే మన దేశంలో ఆ సత్రం ఎందరికో నీడనిచ్చింది. ఒక క్రైస్తవ వైద్యురాలి ఆసుపత్రి, దాని ఎదుట ఒక హిందూ జమీందారు కట్టించిన సత్రం! పుణ్యకార్యంగా సత్రాలు కట్టించే మన సంప్రదాయమూ, రోగులను ఆదరించే ఆమె ధర్మమూ ఒకే వీధిలో ఎదురెదురుగా నిలిచి ఒకే పని చేశాయి. ఒకనాడు ఆమె తాకిన బట్టలను తడిపి ఆరవేసిన సమాజమే ఇప్పుడు ఆమె పనికి చేయూతనిచ్చింది.

ప్రజాసేవకు గుర్తింపుగా ఆనాటి ప్రభుత్వం 1905లో కుగ్లర్‌ను కైజర్-ఇ-హింద్ పతకంతో సత్కరించింది. 1917లో మరొకసారి అదే గౌరవం ఆమెకు దక్కింది. గుంటూరు మిషన్ ఆసుపత్రి చరిత్రను ఆమె స్వయంగా గ్రంథస్థం చేయగా అది 1928లో వెలువడింది. ఈ గౌరవాల వలన ఆమె దినచర్యలో మార్పేమీ రాలేదు.

వయస్సు డెబ్బది దాటింది. శరీరంలో రక్తం క్షీణించే దుష్ట రక్తహీనత అనే వ్యాధి ఆమెను పట్టుకున్నది. కాలేయాన్ని ఆహారంగా ఇచ్చి ఈ వ్యాధిని అదుపుచేయవచ్చునని అమెరికా వైద్యులు 1926లో కనుగొన్నారు. ఏ విటమిను లోపం దానికి కారణమో ఆ బి-12 విటమిను 1948లో గాని వేరుచేయబడలేదు. ఎందరికో ఆరోగ్యాన్ని ప్రసాదించిన ఆమెను ఆ వ్యాధి నుండి రక్షించడం సాధ్యం కాలేదు. 1930వ సంవత్సరం జూలై 26వ తేదీన, తాను నెలకొల్పిన ఆసుపత్రిలోనే డాక్టర్ కుగ్లర్ కన్నుమూశారు. ఏబది సంవత్సరాల సేవ పూర్తి కావడానికి మూడు సంవత్సరాలు మాత్రమే తక్కువ. గుంటూరు ప్రజలు ఆ ఆసుపత్రిని ఆమె పేరిట కుగ్లర్ ఆసుపత్రిగా పిలుచుకుంటూ ఆమె స్మృతిని నిలుపుకున్నారు.

ఇటువంటి సేవాపథం గుంటూరుకే పరిమితం కాలేదు. ఉత్తర కోస్తాలో కెనడా దేశపు బాప్టిస్టు మిషనరీలు 1874లో కాకినాడ కేంద్రంగా పని ప్రారంభించి, క్రమంగా విజయనగరం, బొబ్బిలి, శ్రీకాకుళం, పాలకొండ, టెక్కలి, సోంపేట మొదలైన ప్రాంతాలకు విస్తరించారు. విజయనగరం ప్రాంతంలోని సాలూరులో కుష్ఠురోగుల కోసం ఒక ఆసుపత్రి వెలసింది. అయినవారే దూరం పెట్టిన రోగుల పుండ్లు కడిగి కట్టుకట్టిన చేతులు అక్కడివి. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో డాక్టర్ బెన్ గలిసన్ చూపు కోల్పోయిన పేదలకు కంటి శస్త్రచికిత్సలు చేశారు. ఆయన సేవకు ముగ్ధుడైన ఆర్థర్ జెంకిన్స్ అనే కెనడా వ్యాపారి 1963లో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థను స్థాపించారు. సోంపేటలో వెలిగిన ఆ చిన్న దీపం తరువాత అనేక దేశాలలోని అంధులకు వెలుగునిచ్చింది. కుగ్లర్ గుంటూరులో నడచిన బాటకు ఇవి సోదర మార్గాలు.

డాక్టర్ అన్నా కుగ్లర్ జీవితం మనకు నేర్పే పాఠం సులభమైనదే కాని ఆచరణకు కఠినమైనది. ఆమె గొప్ప ఉపన్యాసాల వలన స్మరణీయురాలు కాలేదు. తనకు అనుమతి లభించని పనిని కూడా అవసరం గుర్తించి మొదలుపెట్టారు. తనను దూరం పెట్టినవారికి దూరం కాలేదు. ఫలితం కోసం పదిహేనేళ్ళు ఓపిక పట్టారు. మాత్ర ఇవ్వడం, కట్టుకట్టడం, అర్ధరాత్రి పిలిస్తే లేచివెళ్ళడం వంటి సామాన్యమైన పనులనే 47 సంవత్సరాలు విసుగులేకుండా చేశారు. ఏ మతంవారైనా, ఏ వృత్తిలో ఉన్నవారైనా తాము నమ్మిన మంచిని లోకానికి చాటదలిస్తే, తమ ఇరుగుపొరుగున కష్టంలో ఉన్న మనిషి గడప నుండే ఆ పని ప్రారంభించవచ్చు. ఆ గడప వద్ద ఒకసారి అనాదరణ ఎదురైతే, మరునాడు మళ్ళీ అక్కడికే వెళ్ళగల మనస్సు కావాలి. అటువంటి మనస్సుకు డాక్టరమ్మ అన్నా కుగ్లర్ జీవితం చిరస్మరణీయమైన ఉదాహరణ.